బంగారం పెరిగితే అప్పు తగ్గింది: ఒక గోల్డ్ లోన్ వర్క్‌ఫ్లోలో కండిషన్ల టెస్టింగ్

బంగారం, వెండి తాకట్టు అప్పుల మీద రిజర్వ్ బ్యాంక్ 2025 జూన్ 6న కొత్త ఆదేశాలు ఇచ్చింది. అప్పులిచ్చే సంస్థలన్నీ 2026 ఏప్రిల్ 1 లోగా వాటిని అమల్లోకి తేవాలని గడువు పెట్టింది. అప్పటిదాకా ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ సంస్థలు, గుర్తుపెట్టుకోవాల్సింది ఒకే అంకె. నగ విలువలో 75 శాతానికి మించి అప్పు ఇవ్వకూడదు. నగ విలువలో అప్పు ఎంత శాతమో, దాన్నే ఎల్‌టీవీ అంటారు. కొత్త ఆదేశాల్లో, సొంత ఖర్చులకు తీసుకునే అప్పుల విషయంలో ఆ ఒక్క అంకె మూడైంది. ఒక మనిషికి ఇచ్చిన మొత్తం అప్పు 2.5 లక్షల వరకు అయితే 85 శాతం, 2.5 దాటి 5 లక్షల వరకు 80 శాతం, 5 లక్షలు దాటితే 75 శాతం.

మేము టెస్టింగ్ చేసిన సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. చిన్న పట్టణాల్లో బ్రాంచీలున్న ఒక ఎన్‌బీఎఫ్‌సీ. అప్పు దరఖాస్తు మొదలైన దగ్గర్నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా జరిగే పనంతా ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) స్టెప్ ఫంక్షన్స్ అనే సర్వీస్ మీద అంచెలంచెలుగా నడిచే వర్క్‌ఫ్లో. ఒక్కో అంచెను స్టేట్ అంటారు. కొత్త నిబంధనల కోసం దాన్ని తిరగరాశారు. మా చేతికి వచ్చేసరికి టెస్టులన్నీ పాస్ అయి ఉన్నాయి. డయాగ్రామ్‌లో ఎన్ని బాణాలున్నాయో అన్నిటి మీదా కనీసం ఒక టెస్టు నడిచింది. కవరేజ్ రిపోర్టు 100 శాతం చూపిస్తోంది. గడువు దగ్గర పడుతున్న టెన్షన్‌లో ఆ రిపోర్టు చూసి అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

దారులన్నీ సరిగానే ఉన్నాయి. దేనికది విడిగా చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పులన్నీ ఒక దారి ఆగి ఇంకోటి మొదలయ్యే చోట ఉన్నాయి. కవరేజ్ లెక్కకు ఆ చోటు కనపడదు.

వర్క్‌ఫ్లో ఎల్‌టీవీని ఇలా తేలుస్తోంది. నగ విలువ తీసుకుంటుంది, అందులో 85 శాతం ఎంతో లెక్క వేస్తుంది, ఆ మొత్తాన్ని చాయిస్ స్టేట్‌కు, అంటే కండిషన్లు చూసి దారి ఎంచే అంచెకు, ఇస్తుంది. 5 లక్షలు దాటిందా? దాటితే 75 శాతం దారి. కాకపోతే 2.5 లక్షలు దాటిందా? దాటితే 80 శాతం దారి. రెండూ కాకపోతే డిఫాల్ట్, అంటే 85 శాతం. పాత టెస్టుల్లో నగ విలువలు మూడు: 2 లక్షలు, 4 లక్షలు, 10 లక్షలు. వచ్చిన అప్పులు 1.7 లక్షలు, 3.2 లక్షలు, 7.5 లక్షలు. మూడూ సరైనవే.

నేను మొదట రాసిన టెస్టుకు ఆశించిన జవాబు అంటూ ఒక అంకె లేదు. ఒక నియమం మాత్రమే ఉంది: మిగతావన్నీ అలాగే ఉండి బంగారం విలువ ఒక్కటే పెరిగితే, వచ్చే అప్పు తగ్గకూడదు. రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల్లో ఈ వాక్యం ఎక్కడా ఉండదు. తాకట్టు కొట్టు మెట్లెక్కిన ఎవరికైనా తెలిసిన విషయం కాబట్టి ఎవరూ స్పెక్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే పత్రంలో, రాయరు. పైథాన్‌లో హైపోథెసిస్ అనే లైబ్రరీ ఇలాంటి నియమాలను పరీక్షించడానికే ఉంది. విలువలను అదే పుట్టిస్తుంది, నియమం తప్పిన జత దొరికితే దాన్ని వీలైనంత చిన్నది చేసి చూపిస్తుంది. దానికి రెండు విలువలు ఇవ్వమని, పెద్దదానికి చిన్నదానికంటే తక్కువ అప్పు రాకూడదని చెప్పాను. నడిపిన వెంటనే ఫెయిల్ అయింది.

విలువ 2,94,117 రూపాయలైతే అందులో 85 శాతం 2,49,999.45. అది 2.5 లక్షల లోపే, కాబట్టి పైసలు తీసేసి 2,49,999 అప్పు. విలువ 2,94,118 అయితే 85 శాతం 2,50,000.30. పైసలు తీసేసే పని చివర్లో జరుగుతుంది కాబట్టి చాయిస్ స్టేట్ దృష్టిలో అది గీత దాటింది. వెంటనే 80 శాతం దారి పట్టి 2,35,294 ఇచ్చింది. నగ విలువ ఒక్క రూపాయి పెరిగితే అప్పు 14,705 రూపాయలు తగ్గింది. 5 లక్షల గీత దగ్గర దెబ్బ ఇంకా పెద్దది. 5,88,235 విలువకు 4,70,588 ఇచ్చిన వర్క్‌ఫ్లో, 5,88,236కు 4,41,177 ఇచ్చింది.

మా డెవలపర్‌కు చూపిస్తే, "అక్కా, డయాగ్రామ్‌లో ఉన్నట్టే రాశాను కదా" అన్నాడు. నిజమే, డయాగ్రామ్‌లో అలాగే ఉంది. చిక్కు డయాగ్రామ్‌లోనే. అప్పు ఎంతో తెలిస్తే తప్ప శాతం తేలదు, శాతం తేలితే తప్ప అప్పు ఎంతో తెలియదు. ఆ ముడిని 85 శాతంతో ఒకసారి లెక్క వేసి తెంచేశారు. దీనివల్ల నిబంధన ఎక్కడా అతిక్రమించలేదు. ఇవ్వగలిగినదానికంటే తక్కువే ఇస్తున్నారు. నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ వాళ్ల కంట పడకపోవడానికి కారణం అదే. వాళ్లు చూసేది ఎక్కువ ఇచ్చారా అని మాత్రమే.

డెమోలో కూర్చున్న ఒక బ్రాంచి మేనేజర్ గారికి మాత్రం క్షణం పట్టలేదు. 2.9 లక్షల గొలుసుకు 2,46,500 వస్తోంది. దానికి పది వేల ఉంగరం కలిపితే విలువ 3 లక్షలై అప్పు 2,40,000కు దిగుతోంది. ఆవిడ నవ్వి, "అయితే మేడమ్, ఉంగరం కూడా పెడతానని వచ్చినావిడకి, వద్దమ్మా, ఉంగరం పెడితే అప్పు తగ్గుతుంది, వేలికే ఉంచుకో అని చెప్పమంటారా?" అన్నారు. ఈ బగ్ ఎంత తీవ్రమైనదన్న చర్చ అక్కడితో ముగిసింది.

దిద్దుబాటు చిన్నదే. మూడు శ్లాబులనూ విడివిడిగా లెక్క వేయాలి. ఒక్కోదాంట్లో ఆ శ్లాబు పైపరిమితి, ఆ శాతం చొప్పున వచ్చే మొత్తం, రెంటిలో తక్కువది తీసుకోవాలి. వచ్చిన మూడింటిలో ఎక్కువది అప్పు. 3 లక్షల నగకు మొదటి శ్లాబు 2.5 లక్షలు, రెండోది 2.4 లక్షలు, మూడోది 2.25 లక్షలు ఇస్తాయి. అంటే 2.5 లక్షలు ఇవ్వొచ్చు. ఎల్‌టీవీ 83.33 శాతం, 85 లోపే. ఈ లెక్కలో విలువ 2,94,118 నుంచి 3,12,500 దాకా ఎంత పెరిగినా అప్పు 2.5 లక్షల దగ్గరే ఆగి ఉంటుంది. అలాగే 6,25,000 నుంచి 6,66,666 దాకా 5 లక్షల దగ్గర. ఈ రెండు చదును ముక్కలకు విడిగా టెస్టులు పెట్టాం. లేకపోతే రేపు ఎవరో వచ్చి "విలువ మారినా అప్పు మారడం లేదు, బగ్" అని దిద్దేస్తారు.

దీని తర్వాత వర్క్‌ఫ్లో డెఫినిషన్‌ను మేమే కావాలని చెడగొట్టడం మొదలుపెట్టాం. మ్యుటేషన్ టెస్టింగ్ అనే పేరు వింటే పెద్ద యంత్రాంగం కావాలేమో అనిపిస్తుంది కానీ స్టెప్ ఫంక్షన్స్ డెఫినిషన్ ఒక జేసన్ ఫైల్, అంటే మామూలు టెక్స్ట్. "కంటే ఎక్కువ" ఉన్నచోట "ఎక్కువ లేదా సమానం" పెట్టడం, రెండు రూల్స్ వరుస తారుమారు చేయడం, డిఫాల్ట్‌ను వేరే స్టేట్‌కు తిప్పడం చిన్న స్క్రిప్టుతో అయిపోతుంది. ఒక్కో మార్పుకూ టెస్టులన్నీ మళ్లీ నడిపి, కనీసం ఒకటైనా ఎర్రబడుతుందో లేదో చూడాలి. 2.5 లక్షల గీత దగ్గర "ఎక్కువ"ను "ఎక్కువ లేదా సమానం"గా మారిస్తే పాత టెస్టుల్లో ఒక్కటీ ఫెయిల్ కాలేదు. సరిగ్గా 2,50,000 అడిగే కస్టమర్ ఏ దారిన పోయినా టెస్టులకు పట్టింపు లేదన్నమాట. అప్పు అడిగేవాళ్లేమో గుండ్రటి అంకెలే అడుగుతారు. 2,50,000 అడిగినంత మంది 2,47,300 అడగరు.

డిఫాల్ట్ సంగతి విడిగా చెప్పాలి, ఈ ప్రాజెక్టులో నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. చాయిస్ స్టేట్ రూల్స్‌ను పైనుంచి కిందికి చూస్తుంది, మొదట సరిపోయినదాన్ని పట్టుకుంటుంది. ఏదీ సరిపోకపోతే డిఫాల్ట్. డిఫాల్ట్ కూడా లేకపోతే నోచాయిస్‌మ్యాచ్డ్ అనే ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఇక్కడ డిఫాల్ట్‌గా పెట్టింది చిన్న అప్పుల దారి. 85 శాతం, పైగా ఆదాయం, తిరిగి కట్టే స్తోమత చూసే అంచనా ఉండదు. ఒక మనిషి మొత్తం బంగారం అప్పు 2.5 లక్షలు దాటితే ఆ అంచనా తప్పనిసరి.

కస్టమర్‌కు ఇంతకుముందున్న అప్పులు ఎంతో చెప్పే సర్వీస్ వెనక పాత సిస్టమ్ ఒకటి ఉంది. అందులోంచి వచ్చే కొన్ని ఖాతాలకు మొత్తం అంకెగా కాక కొటేషన్లలో, అంటే అక్షరాలుగా వస్తోంది. స్టెప్ ఫంక్షన్స్ అక్షరాలను అంకెగా మార్చి పోల్చదు. 7 లక్షలు అక్షరాల రూపంలో వస్తే "5 లక్షల కంటే ఎక్కువా" అన్నదానికి కాదు అంటుంది. "2.5 లక్షల కంటే ఎక్కువా" అన్నా కాదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఎర్ర గీత లేదు. దరఖాస్తు నేరుగా డిఫాల్ట్‌లోకి జారి, 7 లక్షల అప్పున్న మనిషి చిన్న అప్పుల దారిలో వెళ్తాడు. పాత టెస్టుల్లో ఇన్‌పుట్లన్నీ డెవలపర్ చేత్తో రాసినవి, అన్నీ అంకెలే.

ఆ ఫీల్డే రాకపోతే పరిస్థితి నయం, కనీసం రన్‌టైమ్ ఎర్రర్‌తో ఆగుతుంది. కానీ చాయిస్ స్టేట్‌కు రీట్రై (మళ్లీ ప్రయత్నించడం), క్యాచ్ (ఎర్రర్‌ను పట్టుకుని వేరే దారికి తిప్పడం) పెట్టే వీలు లేదు. కాబట్టి ఇన్‌పుట్ సరిగ్గా ఉందో లేదో తేల్చే పని మొత్తాలను పోల్చకముందే జరగాలి. చివరికి చేసింది ఇది: రూల్స్‌లో మొదట ఫీల్డు ఉందా, అంకేనా అని అడుగుతాం. చిన్న అప్పుల దారికి కూడా "2.5 లక్షలు లేదా తక్కువ" అని స్పష్టమైన రూల్ రాశాం. డిఫాల్ట్‌ను మనిషి చూసే క్యూకు తిప్పాం. ఎవరూ ఊహించనిది వస్తే అది అన్నిటికంటే సులువైన దారిలో పోకూడదు, ఒక మనిషి ముందు ఆగాలి. ఈ విషయంలో నేను బేరాలకు ఒప్పుకోను. "క్యూలో పని పెరుగుతుంది" అని ఆపరేషన్స్ వాళ్లు గొణిగారు. పెరిగితే మంచిదే, పాత సిస్టమ్‌లో ఎక్కడ చెడిందో అప్పుడు తెలుస్తుంది.

ఇలాంటి ఒక్కో స్టేట్‌ను విడిగా పరీక్షించడానికి 2023 నవంబర్‌లో వచ్చిన టెస్ట్‌స్టేట్ ఏపీఐ బాగా పనికొచ్చింది. వర్క్‌ఫ్లో మొత్తం నడపక్కర్లేదు. స్టేట్ డెఫినిషన్, ఇన్‌పుట్ ఇస్తే తర్వాత ఏ స్టేట్‌కు పోతుందో చెబుతుంది. మేము పోల్చేది కూడా ఆ తర్వాతి స్టేట్ పేరునే. పాత టెస్టులు చివర్లో "అప్పు మంజూరు" వచ్చిందా అని మాత్రమే చూసేవి. మంజూరు మూడు దారుల్లోనూ వస్తుంది. తప్పు దారిన పోయి కూడా సరైన చోటికి చేరొచ్చు, ఆ ఒక్క ఇన్‌పుట్‌కు. వర్క్‌ఫ్లో మొత్తం నడిపే టెస్టుల్లో ఎగ్జిక్యూషన్ హిస్టరీ, అంటే ఏ అడుగు ఎప్పుడు పడిందో చెప్పే రికార్డు, తీసి, ఏయే స్టేట్లు ఏ వరుసలో వచ్చాయో పోల్చాం.

అదే చాయిస్ స్టేట్‌లో ఇంకో ముడి ఉంది. 2.5 లక్షల గీత ఆదేశాల్లో రెండుచోట్ల వస్తుంది. ఎల్‌టీవీ శ్లాబుకు లెక్కలోకి తీసుకోవాల్సింది సొంత ఖర్చుల అప్పులను. స్తోమత అంచనాకు తీసుకోవాల్సింది ఆ మనిషికి తాకట్టు మీద ఇచ్చిన మొత్తం అప్పు. అంకె ఒకటే కావడంతో రెండు ప్రశ్నలనూ ఒకే చాయిస్‌లో కలిపేశారు. రెంటినీ విడదీసే కేసు మన ఊళ్లలో వెతుక్కోనక్కర్లేదు. ఒక రైతు పంట పెట్టుబడికి 2 లక్షలు తీసుకున్నాడు, ఇంట్లో శుభకార్యానికి ఇంకో లక్ష కావాలి. సొంత ఖర్చు లక్షే, కాబట్టి 85 శాతం శ్లాబు. మొత్తం 3 లక్షలు, కాబట్టి స్తోమత అంచనా కావాలి. కలిపేసిన చాయిస్‌లో ఈ కాంబినేషన్‌కు దారే లేదు. ఏ మొత్తం ఇచ్చినా ఒకటి సరైతే రెండోది తప్పుతుంది. దీన్ని రెండు చాయిస్ స్టేట్లుగా చీల్చారు.

ఈ కేసు డయాగ్రామ్ చూస్తే దొరకలేదు. డెసిషన్ టేబుల్ వేస్తే దొరికింది. అడ్డంగా కండిషన్లు, నిలువుగా కాంబినేషన్లు, చివరి గడిలో ఏం జరగాలి. ఎక్సెల్‌లోనే. దాన్ని కంప్లయన్స్ ఆఫీసర్ గారికి ఇచ్చి, ఒక్కో వరుస ఆయన చేత నింపించాం. టెస్టులు ఆ షీట్ నుంచే పుడతాయి. డయాగ్రామ్ ఉన్న బాణాలనే చూపిస్తుంది, టేబుల్‌లో ఖాళీ గడి కళ్లకు కొడుతుంది. "ఇది రాదు" అని ఆయన రాసిన వరుసలకూ టెస్టు పెట్టాం. వస్తే మనిషి చూసే క్యూకే పోవాలి.

తాకట్టుకు అర్హత తేల్చే గేటు దగ్గర మాత్రం అన్ని కాంబినేషన్లూ రాయలేదు. నాలుగు కండిషన్లు: నగల బరువు మనిషికి మొత్తం కిలో దాటకూడదు, బంగారు నాణేలు 50 గ్రాములు దాటకూడదు, కడ్డీలు ఉండకూడదు, నగలు తనవేనన్న పత్రమో డిక్లరేషనో ఉండాలి. కాంబినేషన్లు 16. నాలుగూ సరిపోయినది ఒకటి, ఒక్కోటి మాత్రమే తప్పినవి నాలుగు, మొత్తం ఐదు టెస్టులు చాలు. ఎంసీ/డీసీ అని పిలిచే ఈ పద్ధతిని విమాన సాఫ్ట్‌వేర్‌కు వర్తించే డీఓ-178సీ ప్రమాణం అన్నిటికంటే కీలకమైన లెవెల్ ఏకు తప్పనిసరి చేసింది. గోల్డ్ లోన్‌కు అంత అవసరమా అని అడిగారు. పదహారు రాయడం కంటే ఐదు రాయడం తేలిక కదా అన్నాను. పైగా ఈ ఐదింటిలో తిరస్కరణ కారణం సరిగ్గా చెబుతోందా అన్నది కూడా తేలిపోతుంది. బరువుల విషయంలో గ్రాములను దశాంశాలుగా కూడటం ఆపించి మిల్లీగ్రాముల్లో పూర్ణాంకాలు చేయించాం. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 చూపించే లెక్కతో సరిగ్గా కిలో దగ్గర గేటు పెట్టుకోకూడదు.

బుల్లెట్ అప్పులు, అంటే వడ్డీ, అసలు చివర్లో ఒకేసారి కట్టేవి, ఇంకో కథ. వీటికి ఎల్‌టీవీని ఇచ్చిన అసలు మీద కాదు, గడువు నాటికి కట్టాల్సిన మొత్తం మీద చూడాలి. 2 లక్షల నగ, 12 నెలలు, ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుందాం. చివర్లో కట్టేది 1,70,000 దాటకూడదు, కాబట్టి అసలు 1,51,785.71. వర్క్‌ఫ్లోలో ఈ లెక్క వేసే స్టేట్ దగ్గరి రూపాయికి రౌండ్ చేసి 1,51,786 చేసింది. తర్వాత సరిచూసే స్టేట్ దాన్ని 1.12తో గుణించి 1,70,000.32 వచ్చిందని తిప్పి పంపింది. లెక్క స్టేట్ మళ్లీ 1,51,786 ఇచ్చింది. 32 పైసల కోసం రెండు స్టేట్లూ ఒకదానికొకటి పంపుకుంటూ కూర్చున్నాయి. స్టాండర్డ్ వర్క్‌ఫ్లో ఒక్క ఎగ్జిక్యూషన్‌కు 25,000 ఈవెంట్ల హిస్టరీ పరిమితి ఉండబట్టి ఆగింది. రౌండింగ్ ఎప్పుడూ కిందికే అని మార్చారు. వెనక్కి పోయే ప్రతి బాణానికీ లెక్కించే కౌంటర్ పెట్టి, పరిమితి దాటితే క్యూకు పంపేలా చేశారు. వెనక్కి పోయే బాణం ఉన్న ఏ వర్క్‌ఫ్లోనైనా నేను మొదట అడిగేది ఆ కౌంటర్ గురించే.

తేదీ సంగతి చెప్పడానికి ఎక్కువేం లేదు. కొత్త విధానానికి మారకముందు మంజూరైన అప్పులకు పాత నిబంధనలే వర్తిస్తాయి కాబట్టి తేదీ మీద ఒక చాయిస్ ఉంది. స్టెప్ ఫంక్షన్స్ ఇచ్చే సమయం యూటీసీ, మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక. సంస్థ ఏప్రిల్ 1నే మారాలనుకుంది. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 5:29కి యాప్‌లో టాప్‌అప్ (ఉన్న అప్పు మీద అదనపు అప్పు) అడిగిన కస్టమర్ వర్క్‌ఫ్లో లెక్కలో ఇంకా మార్చి 31లోనే ఉన్నాడు. బ్రాంచి వేళల్లో ఇది ఎప్పటికీ బయటపడదు. తెల్లవారుజామున 5:29కి, 5:30కి, అర్ధరాత్రికి ఒక నిమిషం ముందూ వెనకా టెస్టులు పెట్టాం.

చివరిగా తేలింది ధర దగ్గరి పేచీ. నగ విలువ కట్టడానికి గత 30 రోజుల ముగింపు ధరల సగటు, ముందురోజు ముగింపు ధర, రెంటిలో తక్కువది వాడాలి. ఆ నాణ్యతకు ధర ప్రచురించకపోతే దగ్గరి నాణ్యత ధర తీసుకుని దామాషాలో సర్దాలి. బులియన్ (బంగారం, వెండి) వ్యాపారుల అసోసియేషన్ ఇచ్చే జాబితాలో 916 (22 కేరట్లు) ఉంది, 750 (18 కేరట్లు) ఉంది. నగ విలువ కట్టే అప్రైజర్ చేతికి 20 కేరట్ల పాత వడ్డాణం వచ్చిందనుకోండి, దానికి దగ్గరిది ఏది? 22 కేరట్లకూ 18 కేరట్లకూ సరిగ్గా మధ్యలో ఉంది. కోడ్‌లో రెండు చోట్ల ఈ ప్రశ్న వస్తోంది. అప్రైజర్ ట్యాబ్‌లో నడిచేది జాబితాను పైనుంచి వెతికి 916 పట్టుకుంది, వర్క్‌ఫ్లోలోది కిందినుంచి వెతికి 750 పట్టుకుంది. 916 అనేది 22 కేరట్లకు దశాంశాలు కత్తిరించిన అంకె కాబట్టి సర్దుబాటు చేశాక రెండు విలువలూ కొద్దిగా తేడాగా వచ్చాయి. కౌంటర్ దగ్గర ఒక మాట, మెసేజ్‌లో ఇంకో మాట.

కంప్లయన్స్ ఆఫీసర్ గారు రెంటితోనూ లెక్క వేసి తక్కువ విలువ తీసుకోమన్నారు. ట్యాబ్, వర్క్‌ఫ్లో రెండూ ఇప్పుడు ఒకే సర్వీస్‌ను అడుగుతున్నాయి. డెసిషన్ టేబుల్‌లో చివరి వరుస అదే: 20 కేరట్లు, సమాన దూరం, తక్కువ విలువ.